ఇరవయ్యో పేరు

డిగ్రీలో ఫిజిక్స్ తీసుకుంటే ముందు ముందు ఏమవుతుందని అడగడానికి ఇప్పటికీ జగిత్యాలలో మా ఇంటికి పిల్లలు వస్తుంటారు. నేను రిటైరై చాలా ఏళ్లయింది. సిలబసు మారింది, ఏడాది పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి. అయినా వస్తారు. వాళ్లెవరికీ నేను చెప్పని సంగతి ఒకటుంది. ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో కొన్ని వందల మందికి మూడేళ్ల చదువు ఎలా సాగాలో కాగితం మీద గీసిచ్చాను. అందులో ఒకటి తప్పు గీశాను. పూర్తిగా పొరపాటున కూడా కాదు, కొంత తెలిసే గీశాను. రేపు మీరూ ఎవరికో ఒకరికి సలహా చెప్పే చోట కూర్చుంటారు కనుక, అది రాసిపెడుతున్నాను.

సంవత్సరం 2011. కోరుట్లలోని ఒక డిగ్రీ కాలేజీలో పని. ఇల్లు జగిత్యాల. పొద్దున ఎనిమిది పదికి బస్సు, తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు కాలేజీ గేటు. అప్పటికి నా సర్వీసు ఇరవై ఎనిమిదేళ్లు. అన్నేళ్లలో ఆలస్యంగా వెళ్లింది నాలుగు సార్లు. నాలుగూ డైరీలో ఉన్నాయి, కారణాలతో సహా.

కాలేజీలో చేరిన ప్రతి ఒక్కరికీ ఒక కాగితం రాసిచ్చేదాన్ని. మూడేళ్లకు మూడు గళ్లు. ఏ నెలలో ఏ అధ్యాయం, ఏ వారం ఏ ప్రయోగం, రికార్డు ఎప్పుడు చూపాలి, పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలి, చివరి ఏడాది ఏ నెల నుంచి పైచదువు ప్రవేశ పరీక్షకు కూర్చోవాలి, అన్నీ తేదీలతో ఉండేవి. సిరాతోనే రాసేదాన్ని. ఒక్క కొట్టివేత పడినా చింపేసి మళ్లీ రాసేదాన్ని. పిల్లలు వాటిని ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకొని దాచుకునేవారు.

మా కెమిస్ట్రీ సారుకు ఇదంతా వేడుక. ఆయన నాకంటే పదకొండేళ్లు చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు. బల్ల మీద దిద్దని రికార్డుల గుట్ట, దాని మీద టీ గ్లాసు. "అక్కా, నువ్వు యముని కాడికి పోయినా ముందుగాల టైంటేబుల్ అడుగుతవ్" అనేవాడు. ఆయన క్లాసు సమయానికి మొదలైన రోజు నేను చూడలేదు. కానీ పిల్లలు తమ ఇంటి సంగతులన్నీ ఆయనకే చెప్పుకునేవారు. నాకు రోల్ నంబరు చెప్పేవారు.

అప్పుడు ఫిజిక్స్‌కు గడ్డుకాలం. ఇంటర్ పాసైనవాళ్లంతా ఇంజనీరింగ్ వైపు పోయేవారు. అందుకని రెండేళ్లు కాగితాలు పట్టుకొని తిరిగి, మా కాలేజీకి ఒక కొత్త సెక్షన్ తెప్పించాను: గణితం, ఫిజిక్స్, కంప్యూటర్స్. కంప్యూటర్ పేరు చూసైనా నాలుగు తలకాయలు ఫిజిక్స్ గదిలోకి వస్తాయని నా ఆశ. షరతు ఒకటే. కనీసం ఇరవై మంది చేరాలి. ప్రవేశాల చివరి రోజు మధ్యాహ్నానికి పందొమ్మిది మంది ఉన్నారు.

మూడు గంటలకు సిరిసిల్ల నుంచి ఒకాయన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చాడు. బక్కపలుచని మనిషి, చొక్కా మీద నూలు పోగులు.

"మా ఇంటి గోడకు ఆనుకొనే సాంచాలు మేడం. పొద్దుందాక ఒక్కటే చప్పుడు. పిల్ల చెవుల దూది పెట్టుకొని సదివింది. గీడ మా మరదలున్నది, బీడీలు చేస్తది. ఆమె తాన ఉంచి సదివిపిద్దామని తోలుకొచ్చిన."

సాంచాలంటే మరమగ్గాలు. ఆయన ఒక షెడ్డులో ఎనిమిది సాంచాలు నడుపుతాడట. అమ్మాయి మార్కుల కాగితం చూశాను. ఫిజిక్స్‌లో అరవైకి యాభై ఎనిమిది. దరఖాస్తులో గ్రూపు గడి దగ్గర పెన్సిలుతో రాసుకొచ్చింది: గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ.

ఆ పెన్సిలు రాత నేను చూశాను. చూసే అన్నాను, "కెమిస్ట్రీ ఎందుకు బిడ్డా? కంప్యూటర్స్ తీస్కో."

తండ్రి ముందుకు వంగాడు. "కంప్యూటరైతే నౌకరి దొరుకుతదా మేడం?"

"ఖాయంగ దొరుకుతది."

"మేడం, నేను..." అంది అమ్మాయి.

"వచ్చే సోమవారం నీ కాగితం రాసిస్తాను, మూడేళ్లది," అన్నాను. అమ్మాయి పెన్సిలు రాత చెరిపి, పెన్నుతో కొత్త గ్రూపు రాసింది. ఆ సాయంత్రం డైరీలో ఇరవై అని రాసి కింద రెండు గీతలు గీశాను. సోమవారం కాగితం ఇచ్చాను. అంత అందంగా కుదిరిన కాగితం నేను మరొకటి రాయలేదు.

సెప్టెంబరు పదమూడున ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మేమూ దిగాం. కోరుట్ల చౌరస్తాలో టెంటు వేశారు. పొద్దున వెళ్లి కూర్చోవడం, నినాదాలు, పాటలు, ఉపన్యాసాలు. నాకు పాట రాదు, ఉపన్యాసం రాదు. అందుకని ఒక నోటుబుక్కులో ఎవరెవరు ఎన్ని గంటలకు వచ్చారో రాసేదాన్ని. సమ్మెకు హాజరుపట్టీ పెట్టింది జిల్లాలో నేనొక్కదాన్నేనని కెమిస్ట్రీ సారు మైకులో చెప్పి అందరినీ నవ్వించాడు. ఆ పట్టీలో ఆలస్యపు గుర్తులు ఎక్కువ ఆయనవే.

నాకు రాష్ట్రం కావాలి. అందులో సందేహం లేదు. కానీ సాయంత్రం ఇంటికెళ్లి, నేను రాసిచ్చిన కాగితాల్లో రోజులు ఎలా పోతున్నాయో లెక్కవేసుకునేదాన్ని. మొదటి ఏడాదికి పదహారు ప్రయోగాలు. రెండు వారాలు పోతే రెండు పోయినట్టు. మూడో వారం నుంచి రికార్డు తేదీలు కూడా కదులుతాయి.

సమ్మె పదో రోజు వంటా వార్పు. నడిరోడ్డు మీద రాళ్లపొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినడం. ఆ అమ్మాయి వాళ్ల చిన్నమ్మతో వచ్చింది. కెమిస్ట్రీ సారు పక్కన కూర్చొని ఉల్లిగడ్డలు తరుగుతోంది. నేను రెండు గజాల దూరంలో బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను.

"రాష్ట్రం అచ్చినంక ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగాడాయన.

"హైస్కూల్ల ఫిజిక్స్ టీచర్‌నైత సార్."

"టీచరా? కలెక్టర్ గావద్దా?"

"వద్దు సార్. మాకు తొమ్మిదిల ఫిజిక్స్ సార్ లేకుండె. ఏడాదంత ఎవ్వలు జెప్పలే. పుస్తకం నేనే సదివి మావోళ్లకు చెప్పిన. గప్పుడు అనుకున్న."

సారు ఉల్లిగడ్డ పక్కన పెట్టాడు. "నీ గ్రూపేంది?"

"కంప్యూటర్స్ సార్. మేడం చెప్పిన్రు."

ఆయన నా వైపు చూశాడు. నేను బియ్యం వైపు చూశాను.

మీకు అర్థం కావడానికి ఒక్క ముక్క చెప్పాలి. మన హైస్కూళ్లలో ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ ఒకే టీచరు చెబుతారు. ఆ ఉద్యోగానికి డిగ్రీలో రెండూ చదివి ఉండాలి. నేను పెట్టించిన గ్రూపుతో ఆ అమ్మాయి లెక్కల టీచరు కావచ్చు, ఫిజిక్స్ టీచరు కాలేదు. మూడేళ్లు ఫిజిక్స్ చదివీ కాలేదు.

భోజనాలయ్యాక సారు నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, గా రూలు నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి?"

"పందొమ్మిది మంది ఉండిరి," అన్నాను.

ఆయన ఏదో వెటకారం ఆడతాడని చూశాను. ఆడలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మా ఆఫీసు క్లర్కు టెంటులో మా వెనకాలే పడుకొని ఉన్నాడు. లేపి అడిగాను, గ్రూపుల జాబితా యూనివర్సిటీకి పోయిందా అని.

"ఏడ పోయింది మేడం! పదిహేనో తారీకు పోవాలె. పదమూడుకు సమ్మె పడ్డది. నేను గీడ, అది గాడ బీరువాల."

"ఒకరి గ్రూపు మార్చాలి."

"సమ్మెల నేను పెన్ను ముట్ట. ముడితే గీ టెంటోళ్లు నన్ను పొయ్యిల పెడతరు. అయిపోయిన నాడు పొద్దుగాల్నే జాబితా పోతది. గా లోపట తండ్రి సంతకంతోని దరఖాస్తు తెచ్చి పెట్టుకోండ్రి, మార్చుత."

పది రోజులుగా నా తేదీలన్నీ పాడు చేస్తోందని ఏ సమ్మెను చూసి లోలోపల పళ్లు కొరుకుతున్నానో, ఆ సమ్మే లేకపోతే నా తప్పు వారం కిందటే యూనివర్సిటీ ముద్రతో గట్టిపడిపోయేది.

తండ్రి సంతకం సులభమనుకున్నాను. మరునాడు అమ్మాయి టెంటుకు వచ్చి తల వంచుకొని నిలబడింది. "ఫోన్ చేసిన మేడం. బాపు వద్దంటున్నడు. 'కంప్యూటరని మేడమే చెప్పింది, ఖాయమని మేడమే చెప్పింది. నువ్వు మేడం కన్న ఎక్కువ తెలిసినదానివా' అంటున్నడు."

నా మాటకు అంత విలువ ఇచ్చిన మనిషితో ఫోనులో వాదించి లాభం లేదు. సమ్మె పద్నాలుగో రోజు, సోమవారం, నేనూ కెమిస్ట్రీ సారూ అమ్మాయిని తీసుకొని సిరిసిల్ల బయలుదేరాం. బస్సులు ఆగిపోయి వారమైంది. జగిత్యాల నుంచి కొడిమ్యాల దాకా జీపు, అక్కడి నుంచి రెండు ఆటోలు, చివర ఒక ట్రాక్టరు. మామూలుగా గంటన్నర దారికి మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. ట్రాక్టరు తొట్టిలో నిలబడి సారు, "అక్కా, గీ ప్రయాణం నీ కాయితంల ఏ గడిల రాస్తవ్?" అన్నాడు. మళ్లీ ఏడిపించడం మొదలుపెట్టాడు కదా అని నా మనసు కాస్త తేలికపడింది.

షెడ్డులో ఇరవై నాలుగు సాంచాలు. ముగ్గురు మనుషులు. గుమ్మంలోకి అడుగు పెడితే చప్పుడు చెవుల్లోకి కాదు, ఛాతీలోకి వస్తుంది. అమ్మాయి తండ్రి మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు కానీ సాంచాల నడుమ నుంచి బయటికి రాలేడు. ఒక పోగు తెగినా చూసుకోకపోతే గుడ్డ చెడిపోతుంది. నడుస్తూనే దండం పెట్టి, చెవి నా వైపు పెట్టాడు.

"గ్రూపు మార్చాలె!" అన్నాను.

"ఆఁ?"

"గ్రూపు! కెమిస్ట్రీ!"

"కంప్యూటర్ మంచిదన్నరు గదా!"

"గది తప్పు!"

"ఎవ్వలు తప్పు?"

జీవితంలో క్లాసులో కూడా నేను గొంతు పెంచలేదు. ఊపిరి తీసుకొని, ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

అప్పుడే కరెంటు పోయింది. బొగ్గు గనుల్లోనూ సమ్మె, రోజుకు ఎన్నిసార్లు పోతుందో లెక్క లేదు. ఇరవై నాలుగు సాంచాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే గోడకు తగిలింది:

"తప్పు నాది! ఇరవై మంది లెక్క నిండాలని నీ బిడ్డను అందుల ఏసిన!"

అవతలి వరుసలో ఉన్న మనిషి తల బయటపెట్టి, "మాకు గూడ మంచిగ ఇనవడ్డది మేడం," అన్నాడు. మూడో మనిషి, "మేడంలు గూడ తప్పు జేస్తరా! నేనేమో మనమే అనుకున్న," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. సారు గుమ్మం దగ్గర గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

తండ్రి నవ్వలేదు. చేతులు గుడ్డపేలికతో తుడుచుకుంటూ వచ్చి మా ముందు నిలబడ్డాడు. నేను మొత్తం చెప్పాను. రూలు, ఇరవై, పెన్సిలు రాత, దాన్ని నేను చూడటం. ఏదీ వదల్లేదు.

"అంటే కెమిస్ట్రీ తీస్కుంటే టీచర్ నౌకరి ఖాయమా?" అన్నాడు.

"ఖాయం గాదు. ఇంకో రెండు పరీక్షలు రాయాలె. నోటిఫికేషన్ ఎప్పుడు పడతదో నాకు తెల్వదు."

"జూన్ల ఖాయమన్నరు. ఇయ్యాల తెల్వదంటున్నరు. ఏది నమ్మాలె మేడం?"

"రెండోది నమ్మన్నా," అన్నాడు సారు. "పద్నాలుగేండ్ల సంది ఈమెతోని పనిజేస్తున్న. తెల్వదు అన్న మాట ఈమె నోట ఇయ్యాల్నే ఇన్న."

తండ్రి కూతురి వైపు తిరిగాడు. "నీకు ముందుగాల్నే తెలుసా, కెమిస్ట్రీ ఉండాల్నని?"

"తెలుసు బాపు. అందుకే గట్ల రాసుకొని పోయిన."

"మరి మేడంకు ఎందుకు చెప్పలే?"

అమ్మాయి నన్ను చూసి మళ్లీ నేల చూసింది. "ఫస్టు చెప్పబోయిన. మేడం ఇనలే. తరువాత కాయితం ఇచ్చిన్రు. గా కాయితంల తేదీలు, టైములు, అన్ని రాసి ఉండె. ఒక్క కొట్టేసుడు లేదు. ఇంత మంచిగ రాసినదాంట్ల తప్పున్నదని నేనెట్ల చెప్పాలె? నాదే తప్పేమో అనుకున్న."

ఆ ఏడాది నాకు యాభై ఐదేళ్లు. నా చేతిరాతను మెచ్చుకున్నవాళ్లు చాలామంది. ఆ రాతను చూసి ఒక పిల్ల తనకు తెలిసిన నిజాన్నే అనుమానించిందని చెప్పింది మాత్రం ఆమె ఒక్కతే.

తండ్రి ఆగిన సాంచ దగ్గరికి వెళ్లి, గుడ్డ అంచు వేలితో పట్టి చూపించాడు. "అచ్చుల ఒక్క పోగు తప్పు ఎక్కితే మేడం, గుడ్డ తాను పొడుగునా గీత పడుతది. గజం నేసినంక చూసుకుంటే విప్పి ఎక్కిస్తం. తాను నేసినంక చూసుకుంటే సేటు నెత్తికి కొడతడు. మీది గజమే అయ్యింది. తేండ్రి, ఏడ వెట్టాలె సంతకం?"

ఎంత తుడుచుకున్నా ఆయన చేతి నూనె పోలేదు. దరఖాస్తు మీద పేరు పక్కన బొటనవేలంత మరక పడింది. "కొత్త ఫారం ఉన్నదా?" అని కంగారుపడ్డాడు. నా సంచీలో రెండున్నాయి. లేవని చెప్పాను. ఆయన మళ్లీ ఆలోచనలో పడితే, అని భయం.

సమ్మె ఆపి మేం అధ్యాపకులం విధుల్లో చేరిన రోజు పొద్దున్నే ఆ దరఖాస్తుతో క్లర్కు బల్ల ముందు నిలబడ్డాను. ఆయన మాట తప్పలేదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

"మేడం, ఈ అమ్మాయిని తీస్తే మీ సెక్షన్ పందొమ్మిదికి వస్తుంది. మీకు తెలుసు కదా?"

"ఇరవైలో ఒకటి తీస్తే పందొమ్మిదే సార్."

"రెండేళ్లు తిరిగారు దీనికోసం."

"రెండేళ్ల నాలుగు నెలలు సార్," అన్నాను. ఆయన సంతకం పెట్టారు.

అనుకున్నంతా అయింది. చేరినవాళ్లను చదువు పూర్తి చేసుకోనిచ్చారు కానీ మరుసటి ఏడాది ఆ సెక్షన్‌కు ప్రవేశాలు ఇవ్వలేదు. నేను రిటైరయ్యేదాకా మళ్లీ రాలేదు. ఆ పందొమ్మిది మందినీ పిలిచి, ఏమవుదామని ఫిజిక్స్ తీసుకున్నారో ఒక్కొక్కరినీ అడిగాను. పదకొండు మంది తెలియదన్నారు. మిగతా ఎనిమిది మందిలో ఇద్దరివి నేను రాసిన కాగితాలకు సరిపోలేదు. వాళ్ల ముందే కొట్టేసి పక్కన రాసిచ్చాను. కాగితం చూడటానికి బాగాలేదు.

ఆ అమ్మాయి కెమిస్ట్రీలో జూలై నుంచి జరిగిన పాఠాలన్నిటిలో వెనకబడింది. సమ్మెలో పోయిన పనిదినాలు నా లెక్కన ఇరవై మూడు. కెమిస్ట్రీ సారు ఎనిమిది ఆదివారాలు ల్యాబు తెరిచి ఆమెకు ప్రయోగాలు చేయించాడు. ఎనిమిదింటిలో ఒక్కనాడూ సమయానికి రాలేదు. ఒక్క ఆదివారమూ మానలేదు. ఆ రెండో లెక్క రాయడం అంతకుముందు నాకు తట్టేది కాదు.

ఆమె డిగ్రీ పట్టా, మన రాష్ట్రం, నా రిటైర్మెంటు మూడూ ఒకే ఏడాది వచ్చాయి. తర్వాత బీఎడ్ చేసింది. ఉద్యోగ ప్రకటన కోసం చాలాకాలం చూసింది. ఈలోగా సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో చెప్పింది, సెలవుల్లో సాంచాలకు నూలు కండెలు చుట్టింది. చివరికి జగిత్యాల వైపు ఒక పల్లె హైస్కూలుకు పోస్టింగు వచ్చింది. ఫోన్ చేసి, "మేడం, ఒక్కసారి మా బడికి రండ్రి," అంది. వెళ్లాను. ఈసారి బస్సు ఉంది.

తొమ్మిదో తరగతి. వెనక బెంచీ మీద కూర్చున్నాను. పడే వస్తువు వేగం లెక్క బోర్డు మీద చేస్తోంది. లెక్క మూడో వరుసలో వర్గం చేసేచోట రెండుతో గుణించేసింది. నేను చూశాను. నోరు తెరిచేలోపే ముందు వరుసలో ఒక పిల్ల లేచింది.

"మేడం, గది తప్పు."

"ఏదే?"

"మూడో లైను. గాడ వర్గం."

ఆమె బోర్డు వైపు తిరిగి చూసుకుంది. "అవునే," అని నవ్వి, ఆ వరుస అడ్డంగా కొట్టేసి కింద సరిగా రాసింది. లేచిన పిల్ల కూర్చుంది. ఎవరూ దాన్నొక వింతగా చూడలేదు. లెక్క ముందుకు సాగింది.

ముప్పై ఒక్క ఏళ్లలో నా బోర్డు మీద ఒక్క పిల్ల ఒక్క తప్పు పట్టలేదు. నేను తప్పులు చేయకపోవడం వల్ల అనుకుంటూ రిటైరయ్యాను.